సేవయు శోధనయు

శ్రీకాకుళము జిల్లా ఈశాన్యభాగమున, మహేంద్రగిరి కొండలకును బంగాళాఖాతమునకును నడుమ ఒక పచ్చని సీమ కలదు. దానిని ఉద్దానమని పిలుచుదురు. ఉద్యానమను మాటయే జనుల వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలోని పల్లెలు ఈ సీమకు చెందినవి. ఎటు చూచినను కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు కనబడును. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలను పగులగొట్టి పప్పు తీయు కర్మాగారములు అనేకము కలవు. హౌరా నుండి చెన్నైకి పోవు రైలుమార్గము పలాస మీదుగానే సాగును. దానికి నైరుతి దిశగా, జాతీయ రహదారిపై, టెక్కలి పట్టణము కలదు. పల్లెలవారు చదువునకును వైద్యమునకును ఈ రెండు పట్టణములకే ఎక్కువగా వచ్చుచుందురు.

ఇట్టి తోటల సీమ పేరు నేడు దూరదేశములలోని వైద్యశాస్త్రజ్ఞులకు సైతము తెలియును. వారు దానిని ఎఱుగుట కొబ్బరికాయల వలన గాక, ఒక వ్యాధి వలన సంభవించినది. 1990 దశకము నుండి ఈ పల్లెలలో మూత్రపిండముల వ్యాధి విశేషముగా కనబడుచున్నట్లు వైద్యులు గుర్తించిరి. ఇటీవలి అధ్యయనములను బట్టి చూడగా, ఈ సీమలోని పెద్దవారిలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి మూత్రపిండముల శక్తి ఏదో యొక మేరకు తగ్గినట్లు తేలినది.

మూత్రపిండములు శరీరములోని జల్లెడల వంటివి. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పదిలక్షల సూక్ష్మమైన వడపోత భాగములు ఉండును. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తము నుండి వడగట్టి, అందులో పనికివచ్చు దానిని మరల రక్తములోనికే పంపి, ఒకటి రెండు లీటర్లను మాత్రము మూత్రరూపమున వెలుపలికి త్రోయును. ఈ జల్లెడలు చెడిపోయినచో, మలినములు రక్తములోనే నిలిచిపోవును. కాళ్లు వాచును, ఆయాసము కలుగును, ఆకలి నశించును. ఐతే ఈ లక్షణములు కనబడునప్పటికే వ్యాధి చాల దూరము పోయి యుండును. మొదట నొప్పి యుండదు. అందువలననే పొలము పనివాడు, తోట కూలి తమకు వ్యాధి ఉన్నదని తెలియకయే సంవత్సరముల తరబడి పనిచేయుచుందురు.

సాధారణముగా మధుమేహము, అధిక రక్తపోటు ఈ వ్యాధికి కారణములు. ఉద్దానములో ఆ రెండును లేనివారికి సైతము వ్యాధి వచ్చుచున్నది. ఎండలో నీరు చాలక పనిచేయుటయా, త్రాగునీటిలోని పదార్థములా, పురుగుమందులా, వంట్లో నొప్పులకై మ్రింగు మాత్రలా, వంశపారంపర్యమా అని పరిశోధకులు అనేక విధముల వెదకిరి. ఏ ఒక్క దానినీ ఏకైక కారణముగా నిర్ధారించుటకు ఇంతవరకు వీలుపడలేదు. శ్రీలంకలోని వరిసాగు ప్రాంతములలోను, మధ్య అమెరికాలోని చెఱకుతోటలలోను ఇట్టి వ్యాధియే పేదలైన శ్రమజీవులను పీడించుచున్నది.

ప్రభుత్వములు కొన్ని యేర్పాట్లు చేసినవి. సోంపేట, పలాస, కవిటి, టెక్కలి మొదలగు చోట్ల రక్తశుద్ధి కేంద్రములు వెలసినవి. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. వంశధార నదీజలమును హిరమండలము జలాశయము నుండి గొట్టముల ద్వారా ఉద్దానపు పల్లెలకు తెచ్చు పథకము కూడ అదే దినమున ప్రారంభమైనది.

మూత్రపిండములు పూర్తిగా చెడినవారికి యంత్రముతో రక్తమును శుద్ధిచేయుదురు. దీనినే డయాలిసిస్ అందురు. రోగి వారమునకు రెండు మూడు పర్యాయములు వచ్చి, వచ్చినప్పుడెల్ల సుమారు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పండుకొనవలెను. ఒక్క పర్యాయమునకు సుమారు 120 లీటర్ల శుద్ధమైన ద్రవము యంత్రము గుండా ప్రవహించును. ఈ నాలుగు గంటలును రోగిని కనిపెట్టి యుండునది నర్సు. రోగి రాగానే ఆమె బరువు తూచును. గతసారి కంటె ఎంత పెరిగినదో చూచి, ఎంత నీరు తీయవలెనో వైద్యుని ఆజ్ఞ ప్రకారము యంత్రమునకు తెలుపును. చేతిలో శస్త్రచికిత్సతో కలిపిన రక్తనాళమును వ్రేళ్లతో తాకి, రక్తము పారుచున్న కంపనము తెలియుచున్నదో లేదో పరీక్షించును. రెండు సూదులు గ్రుచ్చును. మధ్యమధ్య రక్తపోటు కొలుచును. కండరములు పట్టివేసినచో, తల తిరిగినచో వెంటనే తగిన ఉపచారము చేయును. గ్రామీణులు ఆమెను ఆదరముతో నర్సమ్మ అని పిలుచుదురు.

వైద్యుడు రోగిని కొన్ని నిమిషములు చూచును. నర్సు గంటల తరబడి చూచును. కావున ఆమె కంటికి తోచు ప్రశ్నలు వేరు. వారమునకు మూడు పర్యాయములు రావలసిన రోగి రెండు పర్యాయములే ఏల వచ్చుచున్నాడు? బస్సుకు డబ్బు లేకనా, వెంట వచ్చు మనిషి కూలి పోగొట్టుకొనలేకనా, ఒకమారు మానినచో ఏమగునో తెలియకనా? నీరు తక్కువగా త్రాగుమని చెప్పినను, ఎండలు మండు వేసవిలో సముద్రతీరమున నివసించువాడు ఆ నియమమును ఎట్లు పాటింపగలడు? 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానములో లక్షల చెట్లు కూలినవి, దారులు మూసుకొనిపోయినవి, విద్యుత్తు నిలిచిపోయినది. విద్యుత్తు లేక యంత్రము నడువదు. అట్టి దినములకై రోగిని ముందుగా ఎట్లు సిద్ధపరుపవలెను?

ఇవి మందులకు సంబంధించిన ప్రశ్నలు కావు. ఐనను ప్రాణమునకు సంబంధించినవి. పదిమంది నర్సులు భోజనవేళ కూర్చుండి వీనిని గుఱించి మాటలాడుకొనవచ్చును. అంతటితో ఆగినచో అది అనుభవముగానే మిగులును. ఆ ప్రశ్నను క్రమపద్ధతిలో అడిగి, సాక్ష్యము కూర్చి, ఇతరులు కూడ పరీక్షింపదగిన సమాధానము సాధించినచో అది శాస్త్రమగును. ఈ విద్యను నేర్పునదే నర్సింగులో డాక్టరేటు. దానినే పి.హెచ్.డి. అని వ్యవహరింతురు.

ఈ పేరు విన్నవారికి ఒక సందేహము కలుగుట సహజము. నర్సు చదివి మరల డాక్టరగుటయా? అట్లయినచో మొదటనే వైద్యము చదువరాదా? ఈ సందేహము డాక్టరను మాటకు గల రెండర్థముల వలన పుట్టినది. లాటిను భాషలో ఆ మాటకు బోధించువాడని మూలార్థము. ఒక శాస్త్రములో క్రొత్త విషయమును కనుగొని, దానిని పండితుల యెదుట నిరూపించినవారికి విశ్వవిద్యాలయము ఇచ్చు పట్టము డాక్టరేటు. తెలుగు సాహిత్యములోను, చరిత్రలోను, గణితములోను డాక్టరేటు పొందినవారు ఉన్నారు గదా! అట్లే నర్సింగులోను పొందవచ్చును. ఆ పట్టము పొందిన నర్సు వైద్యుని వలె మందులు వ్రాయదు. రోగి సంరక్షణను గుఱించి క్రొత్త జ్ఞానము సంపాదించి, దానిని తోటివారికి బోధించును.

నర్సుకు పరిశోధన ఏల అని అడుగువారికి ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితము చక్కని సమాధానము. ఆమె 1820 మే 12వ తేదీన జన్మించినది. 1854లో క్రిమియా యుద్ధకాలమున 38 మంది నర్సులతో స్కుటారి సైనిక ఆసుపత్రికి పోయినది. రాత్రివేళ దీపము చేతబూని రోగులను చూచిన దయామూర్తిగా లోకము ఆమెను ఎఱుగును. ఆ దీపముతో పాటు ఆమె చేత ఒక లెక్కల పుస్తకము కూడ ఉండెనని తెలిసినవారు తక్కువ. ఏ నెలలో ఎందరు సైనికులు, ఏ కారణమున మరణించిరో ఆమె సంఖ్యలు కూర్చినది. శత్రువుల గాయముల వలన చనిపోయినవారి కంటె, మురికి వలనను అంటువ్యాధుల వలనను చనిపోయినవారే అనేకరెట్లు అధికులని రంగుల చిత్రపటములతో ప్రభుత్వమునకు చూపినది. కన్నీటితో చెప్పినచో వినని పెద్దలు అంకెలతో చెప్పగా వినిరి. 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరట నర్సుల పాఠశాల వెలసినది.

తరువాతి కాలమున నర్సింగు విశ్వవిద్యాలయములలో ప్రవేశించినది. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన టీచర్స్ కళాశాలలో 1920 దశకముననే నర్సులు డాక్టరేటు స్థాయి చదువు చదువజొచ్చిరి. మన దేశమున 1946లో ఢిల్లీలోను, వేలూరులోను నర్సింగు పట్టభద్ర విద్య ఆరంభమైనది. 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. 1959లో ఢిల్లీలోని కళాశాలలో స్నాతకోత్తర విద్య మొదలైనది. ప్రస్తుత శతాబ్దపు మొదటి దశకములో భారత నర్సింగు మండలి, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నర్సింగు డాక్టరేటుకై ఒక జాతీయ కూటమిని ఏర్పరచినవి. దీని వలన వివిధ రాష్ట్రములలోని నర్సులకు ఆ ద్వారము తెరువబడినది. 2023లో పార్లమెంటు పాత చట్టమునకు బదులుగా జాతీయ నర్సింగు, ప్రసూతి సేవల కమిషను చట్టమును ఆమోదించినది.

ఉద్దానపు పల్లెలోని ఒక విద్యార్థిని ఈ చదువునకు పోదలచినచో, ఎక్కవలసిన మెట్లు ఇవి. పదవ తరగతి పిమ్మట ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము చదువవలెను. తరువాత నాలుగు సంవత్సరములు బి.యస్సి. నర్సింగు. అందు శరీర నిర్మాణము, శరీర ధర్మములు, సూక్ష్మజీవులు, ఆహారము, మందులు మొదలగు విషయములను నేర్చుటయే గాక, ఆసుపత్రులలోను, గ్రామములలోను వేలకొలది గంటలు పనిచేసి అభ్యాసము పొందవలెను. ఉత్తీర్ణురాలైన పిమ్మట రాష్ట్ర నర్సింగు మండలిలో పేరు నమోదు చేయించుకొనవలెను. ఇట్లు నమోదైనవారే రిజిస్టర్డు నర్సులు. నమోదు లేనిదే రోగికి సూది గ్రుచ్చు అధికారము లేదు. ఇది ప్రజల రక్షణకై ఏర్పడిన నియమము.

నమోదైన నర్సు ఒక సంవత్సరమైనను పనిచేసి, ఎమ్.యస్సి. నర్సింగులో చేరవచ్చును. అది రెండు సంవత్సరముల చదువు. శస్త్రచికిత్స రోగుల సంరక్షణ, సమాజ ఆరోగ్యము, శిశు ఆరోగ్యము, మానసిక ఆరోగ్యము, ప్రసూతి సేవ మొదలైన వానిలో ఒక శాఖను ఎన్నుకొనవలెను. ఈ దశలోనే చిన్న పరిశోధన యొకటి చేయుట నేర్పుదురు. దానికి పిమ్మటిది డాక్టరేటు.

ఆంధ్రప్రదేశములోని నర్సింగు కళాశాలలు విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. అది 1986లో ప్రభుత్వము స్థాపించినది. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో డాక్టరేటునకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో ప్రకటించిన నియమములు మార్గదర్శకములు. వాని ప్రకారము స్నాతకోత్తర పరీక్షలో నూటికి 55 మార్కులైనను రావలెను. వెనుకబడిన వర్గములవారికి, దళితులకు, గిరిజనులకు, వికలాంగులకు అయిదు మార్కుల సడలింపు కలదు. ప్రవేశ పరీక్షయు, మౌఖిక పరీక్షయు ఉండును. చదువునకు కనీసము మూడు సంవత్సరములు పట్టును. సాధారణముగా ఆరు సంవత్సరములకు మించరాదు. స్త్రీలకు అదనముగా రెండు సంవత్సరముల గడువును, ప్రసూతికిని శిశుపోషణకును 240 దినముల వరకు సెలవును లభించును. నర్సులలో స్త్రీలే అధికులు గనుక ఈ సడలింపు చాల విలువైనది.

పరిశోధన ఎట్లు సాగునో ఒక ఊహాత్మకమైన ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. టెక్కలి వంటి పట్టణములోని ఒక రక్తశుద్ధి కేంద్రములో పనిచేయు నర్సు, రోగులు తమ వంతులు తప్పుచున్నారని గమనించినదనుకొనుడు. ముందురోజు టెలిఫోను చేసి జ్ఞాపకము చేసినచో, నెలకొకమారు వారి యింటికి పోయి కుటుంబమువారితో మాటలాడినచో, వంతులు తప్పుట తగ్గునా అని ఆమెకు ప్రశ్న తోచినది. మొదట ఆమె ఇతర దేశములలోను, ఇతర రాష్ట్రములలోను ఇట్టి ప్రయత్నములు జరిగినవేమో గ్రంథములు వెదకి చదువవలెను. ఇతరులు ఇదివరకే తేల్చిన దానిని మరల తేల్చుట వృథాశ్రమ.

పిమ్మట పరీక్షా విధానమును నిర్ణయింపవలెను. ఆషాఢమాసమున లెక్క మొదలుపెట్టి మాఘమాసమున ముగించి, వంతులు తప్పుట తగ్గినది కనుక తన ప్రయత్నము ఫలించినదని ఆమె చెప్పవచ్చునా? చెప్పరాదు. వానకాలమున దారులు చెడి రోగులు రాలేకపోయి యుండవచ్చును. మాఘమున దారులు బాగుపడి వచ్చి యుండవచ్చును. ఆ గొప్ప టెలిఫోనుది కాక ఋతువుది కావచ్చును. కావున అరువదిమంది రోగులు ఉన్నచో, ముప్పదిమందికి ఈ అదనపు సేవ చేసి, తక్కిన ముప్పదిమందికి ఎప్పటి సేవయే చేసి, ఒకే కాలమున ఇరువురినీ పోల్చి చూడవలెను. ఎవరు ఏ జట్టులో చేరవలెనో చీట్లు వేసి నిర్ణయింపవలెను. తనకు నచ్చినవారిని ఏరుకొన్నచో, మాట వినువారు ఒక జట్టులోను, విననివారు మఱియొక జట్టులోను చేరి లెక్క తప్పుదారి పట్టును.

ఇంతకంటె ముఖ్యమైన విషయము మఱొకటి కలదు. రోగి పరిశోధకుని ఆటవస్తువు కాడు. ప్రతి పరిశోధనకును ముందుగా నైతిక సంఘము అనుమతి కావలెను. ఆ సంఘములో వైద్యులే గాక సామాన్య ప్రజల ప్రతినిధి, న్యాయము తెలిసినవారు కూడ ఉందురు. రోగికి విషయమంతయు అతనికి తెలిసిన భాషలోనే చెప్పి, సమ్మతి పొందవలెను. ఉద్దానములో తెలుగువారితో పాటు ఒడియా మాటలాడువారును, మందస కొండలలో సవరలును ఉన్నారు. తెలుగు కాగితముపై వేలిముద్ర వేయించినంత మాత్రమున సమ్మతి కాజాలదు. చదువురానివానికి చదివి వినిపించునప్పుడు నిష్పక్షపాతియైన సాక్షి ఒకడు ఉండవలెను.

తనకు సూది గ్రుచ్చు చేతికి కాదని చెప్పుట రోగికి ఎంత కష్టమో ఆలోచింపుడు. కాదన్నచో సేవలో లోపము చేయునేమో అని అతడు భయపడవచ్చును. అందుచేత సమ్మతి అడుగు పనిని ఆ రోగికి సేవచేయని మఱియొకరికి అప్పగించుట మేలు. అంగీకరించిన రోగి కూడ మధ్యలో మానుకొనవచ్చును. అందువలన అతని వైద్యమునకు ఏ లోపమును రాకూడదు. ఈ నియమములను పాటించుట డాక్టరేటు విద్యలో సగపాలు.

ఆరు నెలలు గడచిన పిమ్మట లెక్కలు కట్టవలెను. రెండు జట్లకును భేదము కనబడినచో, అది నిజమైన భేదమా, కేవలము కాకతాళీయమా అని గణాంకశాస్త్రముతో పరీక్షింపవలెను. భేదము కనబడకున్నచో, కనబడలేదనియే వ్రాయవలెను. తాను కష్టపడి టెలిఫోను చేసినది గనుక ఫలితము వచ్చి తీరవలెనని కోరుకొనుట మనుష్య సహజము. ఆ కోరికను జయించుటయే పరిశోధకురాలికి మొదటి పరీక్ష. ఫలింపని మార్గము ఇదియని నిజాయితీతో తెలిపిన వ్యాసము కూడ లోకమునకు ఉపకారమే చేయును. తరువాతి వారు ఆ మార్గమున ధనమును కాలమును వ్యయపరుపరు.

ఈ పనినంతయు పర్యవేక్షకుని సలహాతో సిద్ధాంత వ్యాసముగా వ్రాసి విశ్వవిద్యాలయమునకు సమర్పింపవలెను. ఇతరుల వాక్యములను దొంగిలింపలేదని పరీక్షింతురు. విశ్వవిద్యాలయమునకు వెలుపలివారైన ఇద్దరు నిపుణులు దానిని చదివి అభిప్రాయము తెలుపుదురు. చివర సభలో అందరి యెదుట ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. అది సంతృప్తికరముగా ఉన్నచో పట్టము లభించును.

ఇంత చదువు వలన రోగికి ఏమి లాభమని అడుగుట న్యాయమే. లిండా ఐకెన్ అను అమెరికా దేశపు నర్సు డాక్టరేటు పొంది పరిశోధకురాలైనది. ఆమెయు, ఆమె సహచరులును పెన్సిల్వేనియా రాష్ట్రములోని 168 ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందిన రెండు లక్షలకు పైగా రోగుల వివరములు పరిశీలించి, 2003లో ఫలితములు ప్రకటించిరి. పట్టభద్రులైన నర్సులు నూటికి పదిమంది ఎక్కువగా ఉన్న ఆసుపత్రులలో, శస్త్రచికిత్స తరువాత ముప్పది దినములలో రోగి మరణించు అవకాశము సుమారు నూటికి అయిదు వంతులు తక్కువగా ఉన్నట్లు వారు కనుగొనిరి. ఇట్టి లెక్క సంబంధమును చూపునే గాని, కారణమును పూర్తిగా నిరూపింపదు. ఐనను 2014లో తొమ్మిది ఐరోపా దేశములలో జరిగిన అధ్యయనము కూడ ఇంచుమించు ఇట్టి ఫలితమునే చూపినది. నర్సుల చదువు రోగుల ప్రాణములతో ముడిపడి యున్నదని చెప్పుటకు ప్రభుత్వముల చేతికి ఒక సాక్ష్యము లభించినది. ఆ సాక్ష్యమును కూర్చినది ఒక నర్సు.

ఈ మార్గమున కష్టములు లేకపోలేదు. పగటి విధులు, రాత్రి విధులు చేయుచు చదువుట దుష్కరము. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఎక్కువగా ఉన్నచోట ఆమెకు సెలవు దొరకుటయే అరుదు. తగిన పర్యవేక్షకులు కొలదిమందియే కలరు. గ్రంథములు ఎక్కువగా ఇంగ్లీషులో ఉండును. తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవారు ఆ భాషతోను పోరాడవలెను. ఇంటిలో పిల్లలు, వృద్ధులు ఉండగా ముప్పది ఏండ్లు దాటిన స్త్రీ మరల విద్యార్థిని యగుటకు కుటుంబము సహకారము కావలెను.

మఱియొక కష్టము కలదు. అది దాచదగినది కాదు. డాక్టరేటు పొందినవారిలో పెక్కుమంది కళాశాలలలో బోధకులగుదురు. బోధన గొప్ప పనియే. ఐనను పడక ప్రక్కనుండి పుట్టిన ప్రశ్న పడక ప్రక్కకు తిరిగి రానిచో, సిద్ధాంత వ్యాసము గ్రంథాలయపు అలమారలో దుమ్ము పట్టి యుండును. పేరునకు ముందు డాక్టరని వ్రాసికొనుటకే చదివిన చదువు వలన రోగికి మేలు లేదు. అందువలన పరిశోధన ఎక్కడ జరిగినదో అక్కడివారికి దాని ఫలితమును తెలుపుట ధర్మము. ఏమి తేలినదో, ఏమి తేలలేదో తమ రక్తమును, తమ కాలమును, తమ మాటను ఇచ్చిన పల్లెవారికి వారి భాషలో చెప్పవలెను. ఉద్దానపు జనులు ఎన్నో పర్యాయములు రక్తమును, నీటిని పరీక్షకై ఇచ్చిరి. మరల అడుగ వచ్చువారు మొదట సమాధానముతో రావలెనని వారు కోరుట తప్పు కాదు.

ఉద్దానపు వ్యాధికి మూలకారణమును వైద్యులు, రసాయన శాస్త్రజ్ఞులు, జన్యుశాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. ఆ కారణము రేపు దొరకవచ్చును, ఇంకను కొంతకాలము పట్టవచ్చును. అంతవరకు వ్యాధితో జీవించువారు ఉన్నారు. వారు ఎట్లు తినవలెను, ఎంత త్రాగవలెను, ఎట్లు ప్రయాణము చేయవలెను, తుపాను వచ్చినచో ఎక్కడికి పోవలెను, ఇంటిలోని వారు అలసిపోకుండ ఎట్లు తోడుండవలెను అను ప్రశ్నలకు కూడ శాస్త్రీయమైన సమాధానములు కావలెను. వానిని వెదకుటకు నర్సు కంటె తగినవారు అరుదు. ఆమెకు రోగి భాష తెలియును. అతని ఊరి దారి తెలియును. అతడు వైద్యునితో చెప్పని మాట కూడ తెలియును. దానికి తోడు పరిశోధనా విధానము కూడ తెలిసినచో ఆమె మాటకు బలము చేకూరును.

పలాస, టెక్కలి, సోంపేట, కవిటి పాఠశాలలలో నేడు ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలబాలికలలో పెక్కుమంది తమ యింటిలోనో, ఇరుగుపొరుగు ఇండ్లలోనో ఈ వ్యాధిని చూచియే యుందురు. తాతను బస్సెక్కించి రక్తశుద్ధి కేంద్రమునకు తీసికొనిపోయిన బాలునికి, అక్కడ నాలుగు గంటలు ఎట్లు గడచునో ఏ గ్రంథమును చెప్పనక్కరలేదు. నర్సింగు బాలికలకే గాక బాలురకును తగిన వృత్తి. అక్కడ కూర్చున్నప్పుడు వారిలో ఎవరికైనను, ఇది ఇట్లేల జరుగుచున్నది, ఇంకొక విధముగా జరుగరాదా అను ప్రశ్న తోచినచో, దానిని నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. పరిశోధన అట్టి ప్రశ్నతోనే మొదలగును. విశ్వవిద్యాలయము చేరుటకు పదిపదునైదు సంవత్సరములు పట్టవచ్చును గాని, జాగ్రత్తగా చూచుట, నిజము వ్రాయుట, తన లెక్క తప్పైనప్పుడు ఒప్పుకొనుట ఈ తరగతిలోనే నేర్చుకొనదగినవి.